మా యాడిల నొప్పికి పేరు పెట్టకముందే కత్తి పెడుతున్నారు



పొడుగు పోస్టు ఇది. అక్కలు, చెల్లెళ్ళు ఎట్లాగూ చదువుతారు. అన్నలూ, తమ్ముళ్ళూ, ఇది "ఆడోళ్ళ ముచ్చట" అని కిందికి జరిపేయకండి. మీతో పని ఉన్న ముచ్చట మధ్యలో వస్తది.

మేము సిద్దిపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న తాండా ఆడపిల్లలం. మాలో ఎక్కువమందిమి మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులం. డాక్టర్లం కాదు. కానీ మా యాడిలను దవాఖానకు తీసుకపోయేది మేమే. యాడి మాట డాక్టరుకు, డాక్టరు మాట యాడికి చెప్పేది మేమే. అట్లా నడిమిట్ల నిలబడి చూసినోళ్ళంగా చెప్తున్నాం. తాండా ఆడమనిషి పొత్తికడుపు నొప్పి అని పోతే, ఆ నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ వెతకడం లేదు. సీదా గర్భసంచి మీదికి పోతున్నారు.

కథ అన్ని తాండాల్లో దాదాపు ఒక్కటే. నొప్పి మొదలైతది. ఆరు నెలలు, ఏడాది ఆర్ఎంపీ దగ్గర సూదులు, గోలీలు. తగ్గదు. అప్పుడు ఆయనే పట్నంల ఒక దవాఖాన పేరు చెప్తాడు, అవసరమైతే బండి మీద తీసుకపోతాడు కూడా (ఊరికే తీసుకపోడు, ఆయన వాటా ఆయనకు ఉంటదని చిన్నపిల్లలకు కూడా తెలుసు). బల్ల మీద పడుకోబెట్టి అయిదు నిమిషాలు స్కానింగ్. రిపోర్టులో "గర్భసంచి కొంచెం పెద్దగా ఉంది" అని ఒక వాక్యం. ఇక ఆ తర్వాత మాట మనకు నోటికి వచ్చు: "సంచికి పుండు అయింది, ఇట్లనే వదిలేస్తే క్యాన్సర్ అయితది, పిల్లలు పుట్టిండ్రు కదా, ఇంకెందుకు అది?" క్యాన్సర్ అన్న మాట విన్నాక ఏ ఇంట్లో అయినా ఎవరు ఎదురు అడుగుతారు? పుస్తెలతాడు తాకట్టుకు పోతది, లేకుంటే పత్తి పైసలు పోతాయి. వారం తిరిగేసరికి మనిషి సంచి లేకుండా ఇంటికి వస్తది.

ఒక రాత్రి మా గదిలో ఈ ముచ్చట వచ్చింది. ఎనిమిది మందిమి ఉన్నాం. ముగ్గురి యాడిలకు గర్భసంచి లేదు. ముగ్గురికీ ఆపరేషన్ అయిననాటికి నలభై ఏళ్ళు నిండలేదు. ముగ్గురూ పోయింది పొత్తికడుపు, నడుం నొప్పికి. ఇద్దరికి ఆ నొప్పి ఇప్పటికీ ఉంది. ఆ దవాఖానల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే ఇది ఒక దవాఖాన తప్పు కాదు. ఇదొక అలవాటు, ఇదొక వ్యాపారం.

మేము ఎక్కువ చేసి చెప్తున్నామని అనుకునేటోళ్ళ కోసం లెక్క. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలోనే మొదటి రెండు స్థానాలు మన రెండు తెలుగు రాష్ట్రాలవే. తర్వాతి సర్వేలో కూడా మనం కిందికి దిగలేదు. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు దవాఖానల్లో జరిగినవే. తెలుగు ఆడవాళ్ళ గర్భసంచులకే దేశంలో ఎక్కడా లేని జబ్బు వచ్చిందా మరి?

ఇది మన జిల్లాకు దూరం ముచ్చట కూడా కాదు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు అయ్యేదాకా సిద్దిపేట మెదక్ జిల్లాలోనే ఉండె. ఆ పాత మెదక్ జిల్లా మునిపల్లి మండలంలోనే డాక్టర్ కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి గార్లు గర్భసంచి పోయిన ఆడవాళ్ళను కలిసి, అవసరం లేని ఆపరేషన్ల మీద అధ్యయనం చేశారు. ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పటి మాట అది. అంటే పదిహేనేళ్ళ కిందటే మన పక్క మండలాల నుంచి ఈ కబురు బయటకు వచ్చింది. మనం వినలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. గర్భసంచి కాకపోతే ఆ నొప్పి మరి ఏంది?

ఆరు నెలలు దాటినా పోని పొత్తికడుపు నొప్పికి చాలా కారణాలు ఉంటాయి. ఎండోమెట్రియోసిస్ కావచ్చు, లోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు, గర్భనాళాలకు టీబీ కావచ్చు, మూత్రాశయం, పేగులు, నడుం కండరాలు కూడా కావచ్చు. ఇందులో ఒకటి ఉంది, దాని పేరు మా యాడిలకు ఏ దవాఖానలోనూ ఎవరూ చెప్పలేదు. పెల్విక్ కంజెషన్ సిండ్రోమ్. పేరు పెద్దగా ఉంది కానీ సంగతి చిన్నది. కాళ్ళ మీద నరాలు ఉబ్బి నీలంగా మెలికలు తిరిగి కనబడతాయి చూడండి, వెరికోస్ అంటారు, అవే పొత్తికడుపు లోపల ఉబ్బడం. మనం నరాలు అంటున్నాం గానీ అవి సిరలు, చెడు రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకపోయే గొట్టాలు. ఇంటర్ బైపీసీ చదివినోళ్ళకు యాదికి ఉంటది, సిరల లోపల కవాటాలు ఉంటాయి, రక్తం వెనక్కి జారకుండా తలుపుల లెక్క మూసుకుంటాయి. కాన్పు మీద కాన్పు అయినప్పుడు అండాశయం సిరలు చాలా రెట్లు సాగుతాయి. సాగిన సిరలో తలుపులు దగ్గరికి రావు. నిలబడ్డప్పుడల్లా రక్తం కిందికే జారి, గర్భసంచి చుట్టూ గుమిగూడి నిలుస్తది. ఎడమ అండాశయం సిర పైకి పోయి ఎడమ కిడ్నీ సిరలో కలుస్తది. ఆ దారి పొడుగు. అందుకే ఎక్కువసార్లు పట్టు తప్పేది ఎడమ పక్కనే.

ఈ జబ్బు లక్షణాలు మొదటిసారి చదివినప్పుడు మాకు నోట మాట రాలేదు. పొద్దున లేచినప్పుడు నొప్పి తక్కువ. నిలబడి పని చేసినకొద్దీ పెరుగుతది. సాయంత్రానికి కడుపు కిందికి జారిపోతున్నట్టు బరువు. పడుకుంటే తగ్గుతది. ముట్టుకు ముందు ఎక్కువ. ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లుల్లో ఎక్కువ. తొడల మీద, పిరుదుల కింద నరాలు ఉబ్బడం కూడా ఉండొచ్చు. ఇది పుస్తకంలో రాసిన ముచ్చటనా, పొద్దంతా పత్తి ఏరి ఇంటికి వచ్చిన మా యాడి ముచ్చటనా? "పండుకుంటే తగ్గుతదట, నిలబడితే నొస్తదట, పని ఎగ్గొట్టనీకి ఎత్తులు" అని అత్తగారింట్లో మాటలు పడ్డ ఆడవాళ్ళు ప్రతి తాండాలో ఉన్నారు. ఆ పడుకుంటే తగ్గడమే డాక్టరుకు దొరికిన పెద్ద ఆనవాలు. మనం దాన్ని నిందగా మార్చినం.

ఇది నిన్న మొన్న కనిపెట్టింది కాదు. అమెరికాలో హోవర్డ్ టేలర్ అనే డాక్టరు 1949లోనే దీని మీద రాశారు. లండన్‌లో రిచర్డ్ బియర్డ్ బృందం 1984లో లాన్సెట్ పత్రికలో, కారణం దొరకని పొత్తికడుపు నొప్పి ఉన్న ఆడవాళ్ళకు సిరల ఎక్స్‌రే తీసి, ఉబ్బిన సిరలు చూపించింది. అంటే మా యాడిలు పుట్టకముందే పుస్తకాల్లోకి ఎక్కిన జబ్బు ఇది. మన దగ్గరికి వచ్చేసరికి ఇంకా "సంచికి పుండు" దగ్గరే ఆగింది.

దీన్ని గుర్తుపట్టడం దగ్గరే అసలు అన్యాయం జరుగుతున్నది, కాబట్టి ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినండి. మామూలు స్కానింగ్ పడుకోబెట్టి చేస్తారు. పడుకుంటే ఆ సిరల్లో రక్తం ఖాళీ అయితది, ఉబ్బు తగ్గుతది. నిలబడితే వచ్చే జబ్బును పడుకోబెట్టి వెతికితే ఎట్లా దొరుకుతది? చెరువు ఎండినంక చేపలు లేవన్నట్టు. కడుపులోకి కెమెరా పంపి చూసే లాపరోస్కోపీలో కూడా ఇది తప్పిపోవచ్చు. తల కిందికి వంచి పడుకోబెట్టి, కడుపులో గాలి నింపుతారు కాబట్టి సిరలు అణిగిపోతాయి. సరిగ్గా చూడాలంటే రక్తం ఏ దిక్కు పోతుందో చూపించే డాప్లర్ స్కాన్ చేయాలి. లోపలి నుంచి చేసే స్కాన్ అయితే ఇంకా బాగా కనబడతది. నిలబెట్టి గానీ, ఊపిరి బిగబట్టి ముక్కమని గానీ చూడాలి, అప్పుడు రక్తం వెనక్కి జారేది తెలుస్తది. ఇంకా అనుమానం ఉంటే సీటీ, ఎంఆర్ వీనోగ్రఫీ. ఆఖరికి సిరలోకి సన్నటి గొట్టం పంపి మందు ఎక్కించి తీసే వీనోగ్రామ్.

అన్నిటికంటే ముందు, రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. మాట అడగడం. 1988లో బియర్డ్ బృందమే ఇంకో సంగతి చెప్పింది. బొడ్డుకూ తుంటి ఎముక ముందు కొనకూ నడుమ ఒక చోట ఒత్తితే నొప్పి ఉండటం, భార్యాభర్తలు కలిసిన తర్వాత గంటల తరబడి కడుపులో సలుపు ఉండటం, ఈ రెండూ కలిస్తే ఈ జబ్బు ఉన్నవాళ్ళలో నూటికి 94 మందిని గుర్తుపట్టొచ్చు అని. జబ్బు లేని కొందరి మీద కూడా అనుమానం పోతది కాబట్టి దాని తర్వాత స్కాన్ కావాల్సిందే. కానీ మొదలు పెట్టాల్సింది అక్కడ.

ఇప్పుడు అన్నలకు పని ఉన్న ముచ్చట. ఆ రెండో ప్రశ్నను మా యాడిని ఎవరు అడుగుతారు? డాక్టరు ముందు రోజుకు వంద మంది. యాడికి తెలుగు సగమే వస్తది, మనసులో ఉన్నది గోర్ బోలిలోనే చెప్పగలదు. పక్కన కొడుకు నిలబడి ఉంటాడు, లేదా మొగుడు, లేదా ఆర్ఎంపీ. కొడుకు ముందర ఏ తల్లి చెప్తది? కొడుకు మాత్రం ఏమని అడుగుతాడు? యాడి "కడుపుల నొస్తది" అంటది, కొడుకు "కడుపు నొప్పి సార్" అంటాడు, సార్ స్కానింగ్ రాస్తాడు. నొప్పి ఎప్పుడు వస్తది, ఎప్పుడు పోతది, ఎటు పక్క, ఎన్ని కాన్పులు, ఇవన్నీ ఆ గదిలో ఎవరి నోటి నుంచీ రాకుండానే పోతాయి. దవాఖానలో మన భాష తెలిసిన ఒక ఆడమనిషి ఉండాలని మనం ఏనాడన్నా అడిగామా? ఉద్యోగాల రిజర్వేషన్ మీద ధర్నా చేసినం, మంచిదే, చేయాలి. బతుకమ్మకు, తీజ్ పండుగకు ఫ్లెక్సీలు కట్టినం. మన తల్లుల నొప్పి గురించి ఈ గ్రూపులో ఇప్పటిదాకా ఒక్క పోస్టు లేదు. వెనక్కి జరిపి చూసినం, లేదు.

అన్నలారా, యాడితో దవాఖానకు పోతే డాక్టరు గది బయట నిలబడండి. లోపలికి ఒక ఆడమనిషిని పంపండి, అక్కనో చెల్లెనో వదిననో, లేకుంటే తాండాలో పనిచేసే ఆశా అక్కనో. మీరు చేయగలిగిన మొదటి సాయం అదే.

కొందరు మమ్మల్ని అడిగారు, "గర్భసంచి తీస్తే నొప్పి పోయినోళ్ళు కూడా ఉన్నారు కదా" అని. ఉన్నారు. నొప్పి గర్భసంచిలోనే ఉన్నవాళ్ళకు పోతది. క్యాన్సర్ ఉంటే, పెద్ద గడ్డలు ఉంటే, ఏ మందుకూ ఆగని రక్తం పోతుంటే, సంచి జారి బయటకు వస్తే, ఆపరేషన్ ప్రాణం కాపాడుతది. దానికి మేము అడ్డం కాదు. కానీ ఉబ్బిన సిర సంచి లోపల లేదు, అండాశయం నుంచి కిడ్నీ దాకా పోయే దారిలో ఉంది. సంచి ఒక్కటే తీస్తే కొందరికి నొప్పి అట్లనే మిగులుతది. అప్పుడు "అండాశయాలు కూడా తీయాలి" అంటారు. ముప్పై అయిదేళ్ళకు అండాశయాలు పోతే ముట్టు ఆగడం ఒక్కటే కాదు, ఎముకలు గుల్లబారుతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతది, ఒళ్ళంతా వేడి సెగలు. కూలి చేసి బతికే మనిషికి ఎముకలే ఆస్తి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. మన ఆడవాళ్ళలోనే కొందరు "తీసేయండి సార్, పీడ పోతది" అని వాళ్ళంతట వాళ్ళే అడుగుతున్నారు. వాళ్ళను తప్పు పట్టం. చేను దగ్గర మరుగు లేదు, ముట్టు వస్తే సెలవు లేదు, సెలవు పెడితే కూలి లేదు. మహారాష్ట్ర బీడ్ జిల్లా చెరుకు కోత కూలీల సంగతి 2019లో దేశమంతా విన్నది. ఒక్క రోజు పని మానితే జరిమానా కట్టాలి కాబట్టి వేల మంది ఆడవాళ్ళు గర్భసంచి తీయించుకున్నారు. అందులో మన బంజారా అక్కలు కూడా ఉన్నారు. దాన్ని ఇష్టం అనడానికి మాకు నోరు రాదు.

అట్లని నొప్పి ఉన్న ప్రతి మనిషికీ ఇదే జబ్బు అని మేము అనడం లేదు. నొప్పి లేని ఆడవాళ్ళ కడుపులో కూడా ఉబ్బిన సిరలు కనబడతాయి. కాబట్టి స్కాన్‌లో సిర కనబడింది అనగానే అదే దొంగ అనడానికి లేదు. మిగతా కారణాలు ఒక్కొక్కటి చూసుకుంటూ రావాలి. రేపు ఈ పేరు కూడా ఇంకో దుకాణం అయితదేమో అన్న భయం మాకుంది. "సంచి వద్దు, సిర మూసేద్దాం, ఇంత కట్టండి" అనేటోళ్ళు వస్తారు. సిరలోకి గొట్టం పంపి, చిన్న లోహపు చుట్టలతో, మందుతో దాన్ని మూసే పద్ధతి నిజంగానే ఉంది. 1993లో మొదటిసారి రాశారు. దాన్ని ఎంబోలైజేషన్ అంటారు. చాలామందికి నొప్పి తగ్గిందని అధ్యయనాలు ఉన్నాయి, కానీ అవి ఎక్కువగా చిన్నచిన్నవి. దానికంటే ముందు హార్మోన్ గోలీలతో చూసే దారి కూడా ఉంది. మాకు కావాల్సింది ఏ ఒక్క వైద్యమూ కాదు. ముందు నొప్పికి కారణం కాగితం మీద రాసి ఇవ్వండి, ఆ తర్వాతే కత్తి మాట, గొట్టం మాట.

చట్టం మన పక్కన లేదని అనుకోకండి. రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో పేద ఆడవాళ్ళకు, ఎక్కువగా దళిత, గిరిజన ఆడవాళ్ళకు అవసరం లేకుండా గర్భసంచులు తీస్తున్నారని డాక్టర్ నరేంద్ర గుప్తా సుప్రీంకోర్టుకు పోయారు. 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని కోర్టు చెప్పింది. వాటి ప్రకారం దేశానికి, రాష్ట్రానికి, జిల్లాకు పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. ప్రభుత్వ దవాఖానలే కాదు, ప్రైవేటు దవాఖానలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. జిల్లా కమిటీ అంటే మన సిద్దిపేటకూ ఒకటి ఉండాలి. ఉందా? ఎప్పుడు కూర్చుంది? ఎవరెవరు ఉన్నారు? నలభై ఏళ్ళ లోపు ఆడవాళ్ళకు ఏడాదికి ఎన్ని ఆపరేషన్లు, ఏ కారణం రాశారు, అందులో ఎస్టీలు ఎంతమంది?

ఇవే ప్రశ్నలతో జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కార్యాలయానికి సమాచార హక్కు కింద దరఖాస్తు రాసినం. జిల్లా ఆఫీసులో రుసుము పది రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నోళ్ళకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, దాని దవాఖాన ఉంది. వారానికి ఒక్క రోజు పొత్తికడుపు నొప్పికి వేరుగా ఓపీ, నిలబెట్టి చేసే డాప్లర్ స్కాన్, గోర్ బోలి తెలిసిన ఒక నర్సు, ఈ మూడూ అడుగుతూ అక్కడి సూపరింటెండెంట్‌కు ఇంకో కాగితం పెడుతున్నాం. ఇక్కడ తేలని కేసులను వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్ పెద్ద దవాఖానలకు, రిపోర్టులతో సహా, వాళ్ళే రాసి పంపాలి. ఆర్ఎంపీ బండి మీద కాదు.

ఈలోపు ఇంట్లో ఎవరికైనా "సంచి తీయాలి" అని చెప్తే ఆ రోజే ఒప్పుకోకండి. రక్తం ఆగకుండా పోతుంటే తప్ప, రెండు వారాలు ఆగితే కొంపలు మునగవు. క్యాన్సర్ అన్నారా, ముక్క పరీక్ష రిపోర్టు చూపించమనండి. స్కానింగ్ కాగితం, మందుల చీటీ అడిగి తీసుకోండి, అవి మనవి. ఇంకో డాక్టరుకు, కుదిరితే ప్రభుత్వ దవాఖానలో లేడీ డాక్టరుకు చూపించండి. పోయే ముందు యాడిని ఇంట్లోనే, మన భాషలోనే, నిమ్మళంగా అడిగి రాసుకోండి: ఎప్పటి నుంచి, రోజులో ఏ వేళకు ఎక్కువ, పడుకుంటే ఏమైతది, ఎటు పక్క, ముట్టుతో సంబంధం ఉందా, కాళ్ళల్లో తొడల్లో నరాలు ఉబ్బినాయా. ఆ చివరి ప్రశ్న, మగవాళ్ళు లేనప్పుడు, ఆడపిల్లలే అడగండి. మాకూ మొదట సిగ్గు అయింది. మా గదిలో ఒకామె ఫోన్లో అడిగితే, అవతల యాడి చాలాసేపు ఏం మాట్లాడలేదట. తర్వాత, పదేళ్ళ నుంచి ఉంది బిడ్డా, ఎవ్వరూ అడగలేదు అన్నదట.

రెండు దరఖాస్తుల నమూనాలు రేపు సాయంత్రం గ్రూపులో పెడతాం. అక్కన్నపేట, హుస్నాబాద్, గజ్వేల్ దిక్కు తాండాల నుంచి ఒక్కొక్కరు పేరు ఇవ్వండి. అన్నల పేర్లు కూడా కావాలి, కాగితాలు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరగడానికి. పరీక్షలు ఉన్నాయని ఎవరూ అనొద్దు, మాకూ ఉన్నాయి.